‘బాగా తిను’ స్టాంపు

మా చెల్లికి వీధివాళ్లు పెట్టిన పేరు స్టాంపులమ్మ. ఇంట్లోనే గ్రీటింగు కార్డులు తయారుచేసి అమ్ముతుంది. పువ్వులు, ఆకులు, అక్షరాలు, అన్నీ గాజులా అవతలివైపు కనిపించే మెత్తని స్టాంపులు. ప్లాస్టిక్ దిమ్మకు అతికించి, సిరా అద్ది, కార్డు మీద నొక్కుతుంది. పని కాగానే కడిగి దాస్తుంది. ఆ కడగడం దగ్గరే దానికి ఎక్కడలేని చాదస్తం. స్పిరిటు తగలకూడదు, ఎండ తగలకూడదు. గోరువెచ్చని సబ్బునీళ్లు, పసిపిల్లల బ్రష్షు వాడాలి. ఆరాక గట్టి షీటు మీదే అతికించాలి. మెత్తటి ప్లాస్టిక్ కవరులో పెట్టారా, స్టాంపు కరిగి దానికే అంటుకుపోతుందని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేది.

దాని స్టాంపుల్లో ఒకటి మాత్రం మా ఇంట్లో ఉండేది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మా చిన్నప్పుడు రోజూ మా టిఫిన్ డబ్బాల్లో ‘బాగా తిను’ అని చీటీ రాసిపెట్టేది. వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యాక పెన్ను పట్టలేకపోయింది. చెల్లి తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క పాత చీటీ స్టాంపులు చేసే కొట్టులో ఇచ్చి, ఆ రాతతోనే స్టాంపు చేయించింది. తర్వాత ఆ కొట్టు మూతపడింది, చీటీ కూడా దాంతోపాటే పోయింది. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే రెండు చేతులతో దిమ్మ పట్టుకుని కాగితం మీద నొక్కి, నా కూతురి డబ్బాలో పెట్టేది. ఎందుకూ పనికిరాకుండా పోయానని కుమిలిపోయే మనిషికి ఆ ఒక్క పనే మిగిలింది.

బడికి సెలవులిచ్చారు. కడిగి తెస్తానని చెల్లి స్టాంపు తీసుకుంది.

“నేను కడుగుతాలేవే,” అన్నాను.

“నువ్వా? మాడిన గిన్నె తోమినట్టు తోముతావు,” అని పర్సులో వేసుకుపోయింది.

బడి తెరిచే ముందురోజు వచ్చింది. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పర్సు తెరిచి చూపించింది. ఫొటో పెట్టుకునే మెత్తటి ప్లాస్టిక్ అరలో స్టాంపు కరిగి అంటుకుపోయి ఉంది.

“ఇంటికెళ్లగానే తీసి షీటు మీద పెడదామనుకున్నానక్కా. కార్డుల పనిలో పడి మర్చిపోయా.”

నాకు ఒళ్లు మండిపోయింది. “లోకమంతటికీ పాఠాలు చెప్తావుగా. నీ బుద్ధి ఏ గడ్డి తింది?”

ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే మనిషి, తలవంచుకుని కత్తెర తెచ్చింది. దాంతో నా కోపం చల్లారి భయం పట్టుకుంది. అర కత్తిరించి, మెల్లగా ఒలిచి తీశాం. అక్షరాల అంచులు ప్లాస్టిక్‌కే ఉండిపోయాయి. ఒక్క పాత చీటీ దొరికినా దాన్ని బట్టి ఇంకోటి చేయించొచ్చని బడిసంచీ, వంటింటి సొరుగులు తిరగేశాం. ఏ రోజు చీటీ ఆ రోజే తడిసి చెత్తబుట్టలోకి పోయింది. రేపు ఇంకోటి వస్తుందిగా అనుకున్నాం, ఒక్కటీ దాచలేదు. సిగ్గేసింది.

ఇంతలో అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. “స్టాంపు తెచ్చావా? రేపటికి ఇప్పుడే కొట్టిపెట్టేస్తా,” అంటూ మేం వారించేలోపే దిమ్మకు అతికించి, సిరా అద్ది, నొక్కేసింది. కాగితం మీద ‘బా’ ఒక్కటే తెలిసింది. మిగతాదంతా అలుక్కుపోయిన సిరా.

అమ్మ కాగితం వంక చూసి, తన చేతుల వంక చూసుకుంది. “అయిపోయింది. ఇది కూడా చేతకావడం లేదు నాకు.”

“నీ చేతుల తప్పు కాదమ్మా. స్టాంపు పాడైంది. నేనే పాడుచేశాను,” అంది చెల్లి. కత్తిరించిన పర్సు కూడా తెచ్చి ముందుపెట్టింది.

అమ్మ దాన్ని చూడనైనా చూడలేదు. చెల్లి బుగ్గ నిమిరి, “నేను బాధపడతానని అలా అంటున్నావు. స్టాంపులు నీ చేతిలో పాడవుతాయంటే ఎవరు నమ్ముతారే?” అంది.

నేనూ ఒట్టేసి చెప్పాను. ఇద్దరం కూడబలుక్కున్నామనుకుంది.

మర్నాడు పొద్దున డబ్బా సర్దుతున్నప్పుడు అమ్మ వంటింట్లోకి రాలేదు.