ఆటల సీడీలు దాచే పని

కువైట్‌లో నాకంటూ దొరికిన అధికారం ఒక్కటే, వీడియో గేముల సీడీలు దాచడం. నేను పనిచేసే ఇల్లు మామాది, అంటే మా యజమానురాలిది. ఏ పూట ఏం వండాలో చెప్పేది మామా. నా పాస్‌పోర్టు ఆమె భర్త, బాబా బీరువాలో ఉండేది. సీడీలు ఎక్కడున్నాయో మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఇంట్లో చేరేటప్పటికి వాళ్ల పాపకు మూడేళ్లు. రాయచోటి నుంచి వచ్చిన ఆ ఇంటి డ్రైవర్ నన్ను అక్కా అని పిలిచేవాడు. అదే నా పేరనుకుని పాప కూడా అక్కా అనేది. నేను దిద్దలేదు. దిద్దడానికి నాకేం పట్టింది?

బడికి వెళ్లే వయసు వచ్చాక బాబా ఆటల మెషీన్ కొన్నాడు. హోంవర్క్ అయ్యేదాకా ఇవ్వొద్దని మామా సీడీలన్నీ నా చేతిలో పెట్టింది. అక్కడితో నా పని అయిపోవాలి. కానీ నేను ఊరుకునే రకం కాదు. వాటిని వంటింట్లో రోజుకో చోట దాచేదాన్ని. హోంవర్క్ అయ్యాక పాపే వచ్చి వెతుక్కోవాలి.

"అక్కా, యాడ పెట్టినావ్?" అనేది, అచ్చం మా కడప వాళ్లలాగే.

"కందిపప్పు డబ్బా ఎనక సూడు."

కందిపప్పేదో శనగపప్పేదో ఆ పిల్ల అలాగే నేర్చుకుంది. ఒకసారి సీడీకి పసుపు అంటి మెషీన్ తీసుకోలేదు. చున్నీతో తుడిచి మళ్లీ పెట్టి, అది తిరిగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నాకు ఇంగ్లీషు రాదు, బొమ్మల్ని బట్టే గుర్తుపట్టేదాన్ని. గుర్రం సీడీ, కారు సీడీ, వంట సీడీ. వంట ఆట ఇద్దరు కలిసి ఆడేది. ఇంట్లో తొమ్మిది మందికి వండే నేను ఆ ఆటలో కోడిగుడ్డు కూడా మాడ్చేదాన్ని. పాప పడీపడీ నవ్వేది. ఆ అరగంట కోసమే నేను రోజంతా పని చేస్తున్నట్టుండేది.

పాపకు తొమ్మిదో ఏడు వచ్చాక బాబా కొత్త మెషీన్ తెచ్చాడు. దుమ్ము తుడుస్తూ నాలుగు పక్కలా చూశాను. సీడీ పెట్టే సందు లేదు. ఆటలన్నీ ఇప్పుడు నెట్‌లోంచే దిగుతాయని డ్రైవర్ చెప్పాడు. మామా పాత సీడీలన్నీ ఒక సంచిలో వేసి, "ఖలాస్, వీటితో పనిలేదు, తీసుకుపో" అని అతనికిచ్చింది. ఖైతాన్‌లో పాత ఆటలు కొనే అంగడికి తీసుకుపోతే వాళ్లు కూడా వద్దన్నారట.

దాచడానికి ఏమీ లేదు, వెతకడానికి ఎవరూ రారు. నా పదవి ఊడిందనుకున్నాను. ఊడలేదు. మామా నా ఫోన్‌లో ఒక యాప్ వేయించింది. పాపకు రోజుకు గంటే ఆట. ఇంకా కావాలంటే నా ఫోన్‌కు అడుగుతూ మెసేజ్ వస్తుంది. ఆకుపచ్చది నొక్కితే సరేనని, ఎర్రది నొక్కితే కుదరదని. "నన్ను అడక్కుండా ఆకుపచ్చది నొక్కకు" అంది మామా. అడుగుదామని ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తదు. ఎత్తినా, చిన్న విషయానికి విసిగిస్తావేమని కేకలేస్తుంది. ఎర్రది నొక్కితే పక్క గదిలోంచి పాప ఏడుపు. నేనేం చేయాలి?

నేను చేసిన తప్పు ఒకటుంది. ఇంగ్లీషు మెసేజ్‌లు పాప చేతే చదివించుకునేదాన్ని కాబట్టి నా ఫోన్ లాక్ ఆ పిల్లకు తెలుసు. నేను పిండి కలుపుతుంటే మెల్లగా వచ్చేది. గట్టు మీదున్న ఫోన్ తీసి, ఆకుపచ్చది తనే నొక్కుకుని వెళ్లిపోయేది. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. ఫోన్ కోసమైనా వంటింట్లోకి వస్తోంది కదా అని నా ఆశ.

పరీక్షల్లో పాపకు మార్కులు తక్కువ వచ్చిన రోజు మామా నా ఫోన్ తీసుకుని యాప్ తెరిచింది. కిందికి జరుపుతూ పోయింది. అన్నీ ఆకుపచ్చవే.

"ఇవన్నీ నువ్వే ఇచ్చావా?"

పాప తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను పాప వంక చూశాను. పాప నేల వంక చూసింది. రెండు రోజుల్లో నన్ను అర్దియాలో ఉన్న తన చెల్లెలింటికి మార్చేసింది మామా. నా వీసాకు పూచీ ఉండే కఫీల్‌ను మార్చడానికి బాబా ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

కారులో డ్రైవర్ అన్నాడు, "పాపే నొక్కుకుందని చెప్పేసింటే పోయేది కదక్కా."

"చెప్తే ఆ బిడ్డకు దెబ్బలు పడవా?"

"నీకేం మిగిలె మరి?"

ఏడుస్తూ కూర్చున్నాను.

అర్దియాలో మూడో రోజు అంట్లు తోముతుంటే ఫోన్ మోగింది. ఆ యాప్‌ను తీసేయడం అందరూ మరిచిపోయారు. పాప ఇంకాసేపు ఆట కావాలని అడుగుతోంది. తడిచేత్తోనే ఆకుపచ్చది నొక్కాను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం వచ్చేది, రోజూ నొక్కేదాన్ని. ఇటు ఉన్నది నేనేనని పాపకు తెలుసో లేదో. నాకు ఫోన్ చేయొద్దని మామా చెప్పే ఉంటుంది. ఈ ఇల్లు కూడా మంచిదే, తిండికి లోటు లేదు. అయినా ఆ మోతకోసం చెవులు అప్పగించి ఉండేదాన్ని.

ఒకరోజు నాకు దుర్బుద్ధి పుట్టింది. నేను నొక్కుతున్నాను, పాప ఆడుకుంటోంది, అంతే కదా. ఒద్దంటే కోపం వస్తుంది, కోపమొస్తే ఫోన్ చేసి నన్ను తిడుతుందేమో, గొంతు వినొచ్చు అనుకున్నాను. ఎర్రది నొక్కాను. నిమిషంలో మళ్లీ అడిగింది. మళ్లీ ఎర్రదే. మళ్లీ అడిగింది. అలా ఏడుసార్లు. అంతసేపు పాప నా కోసమే అక్కడ కూర్చున్నట్టు, నాతోనే పోట్లాడుతున్నట్టు ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఎనిమిదోసారి రాలేదు. ఫోన్ కూడా రాలేదు.

మరుసటి రోజు సాయంత్రం నేనే యాప్ తెరిచాను. పాప ఫొటో ఉండే చోట ఏమీ లేదు. ఆట రావట్లేదని పాప వెళ్లి మామాకు చెప్పి ఉంటుంది. ఆ మెసేజ్ ఇంకా ఎవరి ఫోన్‌కు వెళ్తోందో మామా అప్పుడు చూసి, నన్ను అందులోంచి తీసేసి ఉంటుంది. రోజూ నొక్కినట్టు ఆ రోజు కూడా ఆకుపచ్చదే నొక్కి ఉంటే సరిపోయేది.