జాబితాలో లేని అంకె

ఆ కోడింగ్ పోటీ కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నాన్న కూతురు. రోజూ ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం కాలేజీకి పోయొస్తుంది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "అక్కా, కంప్యూటర్లో లెక్కలు సేస్తే ఉద్యోగమట. ఇంటికాడే కూకోని సెయ్యొచ్చు. సర్టిఫికెట్టు అడగరట" అంది.

ఆ చివరి మాటకే నాకు ఆశ పుట్టింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి నడక పోయాక నేను బడి మొహం చూడలేదు. చదువంతా అమ్మే చెప్పింది, ముందు బైబిలుతో, తర్వాత ఎవరెవరి పిల్లలవో పాత పుస్తకాలతో. కోడింగ్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ చెల్లే తన లాప్‌టాప్ ఇచ్చింది. దేవుడికి స్తోత్రం, పరీక్ష రోజు కరెంటు కూడా పోలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేసింది. "పిల్ల పరీక్ష రాస్తన్నాది, తర్వాత రండి."

గంట సమయం. మొదటి లెక్క చాలా చిన్నది. కొన్ని అంకెలు వరసగా ఉంటాయి, దాన్నే అరే అంటారు. అడిగిన అంకె అందులో ఎన్నో చోట ఉందో చెప్పాలి. లేకపోతే మైనస్ ఒకటి అని చెప్పాలి. మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేలా రాశాను. వాళ్లిచ్చిన ఉదాహరణకి సరిపోయింది. పంపితే, కంప్యూటరు వేరే అంకెలతో పెట్టిన పది పరీక్షల్లో మూడు తప్పని ఎర్రగా వచ్చింది. ఎందుకో చెప్పదు. అది దాటితేగాని రెండోది తెరుచుకోదు. రాసిందే తుడిచి మళ్లీ రాశాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. టైము అయిపోయింది.

సాయంత్రం చెల్లి నేను రాసింది చూసింది. "ఏటక్కా, అంకె దొరక్కపోతే నువ్వేటీ సెప్పలేదు, ఊరుకున్నావు. లేదంటే లేదని సెప్పాల గదా."

"ఆ వాక్యం చదివానే."

"సదివి?"

మా చర్చి స్త్రీల కూటం హాజరు పుస్తకం ఏళ్లుగా నేనే రాస్తున్నాను. మొదటిరోజు రానివాళ్ల గడిలో సున్నా పెడితే అమ్మ చెరిపించింది. "రాలేదని రాయకు. దార్లో ఉంటాది. ఖాళీగా ఒగ్గీ" అంది. ఒకామె మంచం పట్టి ఏడాదయినా ఆమె వరసలో నేనేమీ పెట్టలేదు. దొరకని అంకెకీ నా చెయ్యి అలాగే ఊరుకుంది.

ఎంపిక కాలేదని మెయిలు రెండో రోజే వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఈ పోటీ డిగ్రీ ఉన్నవాళ్లకేనని కింద రాసి ఉంది. ఇంక నాకు తెలిసిన దారి లేదు. అయినా చెల్లికీ, దొరికిన ఆ గంటకీ నేను రుణపడే ఉన్నాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున్నే, "ఏటే, కబురొచ్చిందా?" అంటుంది. ఇంకా రాలేదంటాను. "వస్తాదిలే" అని పొయ్యి దగ్గరికి పోతుంది. ఇది చదివినవాళ్లు ప్రార్థనలో నన్ను తలవక్కర్లేదు. మా అమ్మని తలుచుకోండి.