పరాకమ్మ గుండీల డబ్బా

ఆ పిల్లకు పదమూడేళ్లు. బడిలో ఏ పేరున్నా, తల్లి కుట్టు దుకాణంలో మాత్రం పరాకమ్మే. ఒళ్లు స్టూలు మీద, మనసు ఊళ్ల మీద. చొక్కాకు ఐదు కాజాలు కుట్టమంటే ఏడు కుట్టి, గాలి ఆడుతుందిలే అని సర్దిచెప్పే రకం.

ఆమెకున్నది ఒకటే కోరిక, మిషను ఎక్కాలి. తల్లి ససేమిరా అంటోంది.

"సూది వేలిలో దిగితే? నీకు ధ్యాసేదే?" అంటూ ఆదివారం పొద్దున ఓ ఖాళీ డబ్బా ముందు పెట్టింది. "మనసు పక్కకు పోయిన ప్రతిసారీ ఇందులో ఓ గుండీ వెయ్యి. సాయంత్రానికి పది దాటకపోతే మిషను నీది. దొంగలెక్క వద్దు."

"మరి నీకో?"

"నాకెందుకే? ఇరవై ఏళ్ల చెయ్యి. నా మనసు నా చెప్పుచేతల్లో ఉంటుంది."

"అయితే ఖాళీగానే ఉంటుందిగా, పెట్టుకో."

రోషానికి తల్లీ ఓ డబ్బా పెట్టుకుంది.

పది దాటకూడదని ఆలోచిస్తూ సూదికి దారమే ఎక్కించనందుకు పిల్ల డబ్బాలో మొదటి గుండీ పడింది. మనసు ఎప్పుడు బయలుదేరేదో తెలిసేది కాదు, పక్కింట్లో పాలు తాగొచ్చిన పిల్లిలా తిరిగొచ్చాకే కనబడేది. మధ్యాహ్నానికి మాత్రం గుమ్మం దాటుతుండగానే పట్టుకోవడం వచ్చింది. చిత్రమేమిటంటే, పట్టుకున్నకొద్దీ గుండీలు పెరిగాయి. ముప్పై ఏడు! పిల్లకు ఏడుపొచ్చింది. గుప్పెడు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి డబ్బా దాకా వెళ్లింది. ఆ ఆలోచనకూ ఓ గుండీ వేసింది.

సాయంత్రం తల్లి ఆ డబ్బా చూసి పకపకా నవ్వి, తన డబ్బాను తలకిందులు చేసి చూపించింది. "చూశావా? ఒక్కటీ లేదు."

"అమ్మా, ఆ చొక్కా..."

తల్లి అప్పుడే ముగించిన చొక్కా మడత విప్పి చూసింది. జేబు అందంగా, పిసరంత వంకర లేకుండా, వీపు మీద ఉంది.

"ఎక్కడికెళ్లావమ్మా?"

"మీ మేనత్తతో పోట్లాడుతున్నా," అంది తల్లి నీరసంగా. "పొద్దున్నించీ. పోయినట్టే తెలీలేదే నాకు."

సిగ్గుపడుతూ తన డబ్బాలో ఓ గుండీ వేసింది. కూతురి డబ్బాకేసి కాసేపు చూసి, మిషను దగ్గర్నుంచి లేచింది.

"కూర్చో. నెమ్మదిగా తొక్కు."

పిల్ల కూర్చుంది. కాలు పెట్టబోయి ఆగింది.

"ఏమైందే?"

"డబ్బా ఇలా ఇవ్వు. నీ బదులు అత్తతో పోట్లాడి వచ్చాను."

తల్లి డబ్బా అందిస్తూ గొంతు తగ్గించింది. "ఎవరు గెలిచారే?"