పై ఊరి కోడలు, కింది ఊరి నీళ్లు

మొన్న మార్కాపురం వైపు నుంచి ఒక బస్సు నిండా కాలేజీ పిల్లలు మా ఊరికి వచ్చారు. చేతిలో మైకు పట్టుకున్న ఒక అమ్మాయి వాళ్లను వెంటబెట్టుకుని, ఎండిన వాగులు ఏవి, మళ్లీ పారించిన వాగులు ఏవి అని ఊరూరా తిప్పి చూపిస్తోంది. ఎవరు చెప్పారో ఏమో, నేరుగా మా ఇంటికే వచ్చి, "అవ్వా, ఈ వాగుకు ప్రాణం పోసింది నువ్వేనంట గదా, పిల్లలకు నాలుగు మాటలు చెప్పు" అంటూ నన్ను ఆ ఎండలో చెక్‌డ్యామ్ దాకా నడిపించుకుపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గట్టు మీద నిలబడేసరికి నా నోరు నా మాట వినలేదు. ఆగవలసిన చోట ఆగి, చెయ్యి చూపించవలసిన చోట చూపించి, పాత పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పేశాను. పిల్లలు చప్పట్లు కొట్టి, ఫోన్లలో ఫొటోలు తీసుకుని పోయారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే నా మీద నాకే ఒళ్లు మండింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన పడమటి మండలాల్లో వాటర్‌షెడ్ పనులు జోరుగా సాగిన రోజులు. కొండవాలులో కందకాలు తీయడం, చేల గట్లకు రాళ్లు పేర్చడం, వాగుకు అడ్డంగా చెక్‌డ్యామ్ కట్టడం, ఏ ఊరు చూసినా ఇదే సంత. మా అత్తగారి ఊరు పెద్దారవీడుకు పైన, నల్లమల అంచున ఉండడం వల్ల పనులు ముందు మాకే వచ్చాయి, నలుగురూ మెచ్చేటట్టు కుదిరాయి కూడా. దాంతో ఎక్కడెక్కడి రైతులనో, ఆఫీసర్లనో జీపుల్లో, బస్సుల్లో తీసుకొచ్చి మా ఊరిని చూపించడం మొదలుపెట్టారు. ఊళ్లో దాన్ని విజిట్ అనేవారు. ఊరి వాటర్‌షెడ్ కమిటీకి పెద్ద మా మామ. కోడళ్లలో పదో తరగతి దాకా చదివినదాన్ని, గొంతు పెద్దదాన్ని నేనొక్కదాన్నే కావడంతో వచ్చినవాళ్లను తిప్పి చూపించే పని నా నెత్తిన పడింది. కొండ కాడ మొదలుపెట్టి, కందకాలు, నీటికుంట చూపించి, ఆఖరున చెక్‌డ్యామ్ దగ్గర ఆపి, నిండుగా ఉన్న నీళ్లలోకి వాళ్ల చేతనే ఒక రాయి వేయించేదాన్ని. గుబుక్కున చప్పుడు వస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. వంటింట్లో అంట్లు నాకోసం కాచుకుని ఉండేవి గనక మా అత్త మాత్రం నన్ను విజిట్ కోడలా అని పిలిచి ఎత్తిపొడిచేది.

అంతా బాగానే ఉండేది, నా పుట్టిల్లు అదే వాగు మీద మా ఊరికి దిగువన లేకపోతే. మా వాగు అడవిలో నుంచి దిగి, ముందు మా అత్తగారి ఊరు తాకి, తర్వాత మా నాయన ఊరు తాకి, ఆ కిందెక్కడో గుండ్లకమ్మలో కలుస్తుంది. మొదటి నీళ్లు పై ఊరివి, మలి నీళ్లు కింది ఊరివి అని తాతల నాటి కట్టుబాటు. పూర్వం పై ఊరివాళ్లు వాగుకు అడ్డంగా ఇసుకకట్ట వేసుకునేవారు, రెండో వానకు ఆ కట్టను నీళ్లే తెంచుకుని కిందికి పోయేవి కాబట్టి ఎవరూ ఎవరినీ అడిగే అవసరం ఉండేది కాదు. చెక్‌డ్యామ్ వచ్చాక అట్లా కాదు. సిమెంటు గోడ నడుమ దారి వదిలి, దానికి చెక్కలు అడ్డం బిగించారు. పెద్ద వరద వస్తే గోడ మీద నుంచి పొర్లిపోతుందిగానీ, మన వైపు పెద్ద వరద ఏ ఏటి మాట? మామూలు వానకైతే ఆ చెక్కలు మనిషి తీయాలి. మనిషి తీయాలంటే మనిషిని అడగాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక ఏడు దసరాకు ముందు ఒక మంచి వాన పడి, ఆ తర్వాత మబ్బు జాడే లేకుండా పోయింది. చెక్‌డ్యామ్ నిండింది. మా బావుల్లో నీళ్లు ఊరాయి. కట్టుబాటు ప్రకారం ఇక చెక్కలు తీయాలి. సరిగ్గా అప్పుడే పెద్ద విజిట్ ఒకటి ఉందని, వాళ్లు చూసి మెచ్చితే రెండో చెక్‌డ్యామ్ మంజూరవుతుందని కబురు వచ్చింది. ఆ విజిట్ ఈ వారం కాదు వచ్చే వారం అంటూ జరుగుతూనే ఉంది, చెక్కలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. కింద మా నాయనకు ఒక బత్తాయి తోట ఉండేది. మా అమ్మ చనిపోయిన ఏడు ఆయన నాటిన చెట్లు. ఆమె మీద పెట్టుకున్న ధ్యాసంతా వాటి మీద పెట్టి కడవలతో నీళ్లు మోసి పెంచాడు, అప్పుడప్పుడే కాపుకొచ్చాయి. సంక్రాంతి పండగకు పోయి చూస్తే ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి, బావిలో బురద తప్ప ఏమీ లేదు. నేను మామను అడుగుతానంటే నాయన ఒప్పుకోలేదు. "నువ్వు నోరు తెరవబాక తల్లీ, నీ కాపురం నువ్వు చూసుకో" అన్నాడు. పిల్లనిచ్చిన ఊళ్లో తప్పెంచకూడదని ఆయన పట్టుదల. కింది ఊళ్లో అందరిదీ అదే మాట. ఏ గొడవ పెట్టుకుందామన్నా, పైన మన పిల్ల ఉంది గదా అని వెనక్కి తగ్గేవారు.

అయినా ఉండబట్టలేక మా ఇంటాయన చేత అడిగించాను. మామ చెడ్డవాడేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నలుగురిలో పరువంటే ఆయనకు ప్రాణం. "సుట్టాలొచ్చే యాళకు కుండ బోర్లిచ్చి పెడతామా ఏంది? వాళ్లు పోయినాక తీద్దాంలే" అన్నాడు. చెట్లకు ఆ మాట చెప్పేదెవరు? నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఈ ఊళ్లో నేను కింది ఊరి పిల్లను, ఆ ఊళ్లో పై ఊరి మనిషిని. పొద్దున లేచి నీళ్లకు పోతే నిండుగా ఉన్న ఆ మడుగు కనిపించేది, మొహం పక్కకు తిప్పుకుని బిందె ముంచుకునేదాన్ని. అందరూ వచ్చి మెచ్చుకునే నీళ్లను నేనొక్కదాన్నే కళ్లారా చూడలేకపోయాను.

ఎట్టకేలకు విజిట్ వచ్చింది. మామూలుగానే కొండ కాడ మొదలుపెట్టి తిప్పుకుంటూ వచ్చి చెక్‌డ్యామ్ దగ్గర ఆపేసరికి జనంలో వెనకగా మా నాయన నిలబడి ఉన్నాడు. ఈరోజుతో విజిట్ అయిపోతుంది, చెక్కలు తీస్తారేమో అన్న ఆశతో వచ్చాడని ఆయన మొహం చూడగానే తెలిసింది. వచ్చిన ఆఫీసరు ఒకాయన తెలివైనవాడు. ఊరివాళ్లు చెప్పేది వింటూ వింటూ ఉన్నట్టుండి మా నాయన వైపు తిరిగి, మీది కింది ఊరా పెద్దాయనా, ఇక్కడ ఇట్లా ఆపితే కింద మీకు నీళ్లు వస్తున్నాయా అని అడిగాడు. చెప్పు నాయనా, ఉన్నదున్నట్టు చెప్పు అని నేను లోపల లోపలే మొక్కుకున్నాను. నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. "మా బిడ్డనిచ్చిన ఊరు సార్ ఇది. మాకేం కొదవ లేదు, నీళ్లు బాగనే వస్తాండాయి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు వినేసరికి నాకు తిక్కరేగింది. తిప్పి చూపించేదాన్ని నేనే గదా, ఆ కాసేపు అక్కడ మామ కన్నా నా మాటకే విలువ. కిందికి నీళ్లు ఎట్లా వదులుతామో ఇప్పుడు మీకు చూపిస్తాము సార్ అని గొంతెత్తి చెప్పి, అక్కడున్న మగవాళ్లను చెక్కలు తీయమన్నాను. వాళ్లు మామ మొహం చూశారు. అతిథుల ముందు కాదనలేక మామ తల ఊపాడు. పై చెక్క తీసీ తీయగానే నీళ్లు భళ్లున దూకాయి. ఒక్కొక్క చెక్కా వస్తుంటే వచ్చినవాళ్లు కేరింతలు కొట్టి ఫొటోలు తీసుకున్నారు. ఎండి పగిలిన వాగు ఇసుకలో ఆ నీళ్లు నల్లగా పాకుతూ కిందికి పోతుంటే నా జన్మలో అంత సంతోషం నేనెరగను.

వచ్చినవాళ్ల బస్సు మలుపు తిరిగింది. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా నిలబడ్డాడు. ఆ కోపం ఎన్నాళ్లుంటుందో, ఇంట్లో నా మీద ఏ రూపంలో విరుచుకుపడుతుందో ఆడపిల్లను కన్న ఏ తండ్రికైనా తెలుసు. మా నాయన పంచె పైకి కట్టి నీళ్లలోకి దిగాడు. గట్టు మీద పడేసిన చెక్కలు అందించమని అక్కడున్నవాళ్లను అడిగి, ఒకదాని మీద ఒకటి దింపి, సందుల్లో జిగటమన్ను కూరి, కాలితో తొక్కి, చుక్క కారకుండా తన చేతులతోనే మళ్లీ బిగించాడు. పైకొచ్చి, "చిన్నపిల్ల, తెలియక చేసింది బావా, మనసులో పెట్టుకోబాక" అని మామకు దండం పెట్టాడు. నేను ఎంత పిలుస్తున్నా వినకుండా, తడిపంచెతోనే వాగు వెంబడి కిందికి నడిచిపోయాడు. కిందికి పారిన ఆ కాసిని నీళ్లను సగం దారిలోనే ఇసుక తాగేసిందని తర్వాత తెలిసింది. కొన్నాళ్లకు మామ తన మాట ప్రకారం చెక్కలు తీయించాడు, కానీ అప్పటికి ఆలస్యమైంది. ఎండాకాలంలో నాయన తోట కొట్టించి, తొలకరికి ఆ చేలో కంది వేశాడు. ఆ సంగతి నా దగ్గర ఏనాడూ ఎత్తలేదు. నా కాపురం మాత్రం చల్లగా నిలబడింది. రెండో చెక్‌డ్యామ్ వచ్చింది, విజిట్లు పెరిగాయి, నేను ఏళ్ల తరబడి అదే గట్టు మీద నిలబడి అదే పాఠం చెబుతూ పోయాను.

ఇప్పుడు చెక్‌డ్యామ్ పూడిపోయింది. ఎవరి చేలో వాళ్లు బోర్లు వేసుకున్నారు, ఎండితే ఇంకొకటి వేస్తారు, ఎవరూ ఎవరినీ అడిగే పని లేదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తే అన్ని కష్టాలూ తీరతాయని ఇంకా ఎదురుచూస్తున్నారు. వాగు వెంబడి పై ఊరికీ కింది ఊరికీ పిల్లనిచ్చిపుచ్చుకోవడం కూడా ఆగిపోయింది, సంబంధాలన్నీ ఇప్పుడు దూరాన కలుస్తున్నాయి. మా కోడలిది కురిచేడు దగ్గర పల్లె. ఆమె నాయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా, గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఒక గుక్క తాగీ తాగగానే మొహం చిట్లించి, "ఏంది వదినా ఈ నీళ్లు, ఉప్పు కషాయం! మా బిడ్డ ఎట్ల తాగుతాందో ఏమో" అని పదిమందీ వినేటట్టు అనేస్తాడు. మా ఇంటాయనకు అది నామోషీగా ఉంటుంది, వియ్యంకుడికి మర్యాద తెలియదని గొణుక్కుంటాడు. నాకు మాత్రం ఆయన అట్లా అన్న ప్రతిసారీ కళ్లు చెమ్మగిల్లుతాయి. మా నాయన నా అత్తగారి ఊరి నీళ్ల గురించి నోరు తెరిచింది జన్మలో ఒకే ఒక్కసారి, అదీ బాగానే వస్తున్నాయని చెప్పడానికి.