నా చేతివి కాని హంసలు

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయితేనేం, దంతపు పనిలో నన్ను మించినవాడు లేడని నా ముందే కాదు, నా వెనకాల కూడా ఒప్పుకునేవారు. గోరంత ముక్కలో తెరచాప పడవ చెక్కాను. అందులో తెడ్డు వేసేవాడి వేళ్లు లెక్కపెట్టుకోవచ్చు. బంతిలో బంతి, దానిలో ఇంకోటి, అతుకన్నది లేకుండా ఐదు తొలిచాను. రెండు పతకాలు వచ్చాయి. మూడోది కూడా రావలసిందే. ఇవ్వలేదు, అది వాళ్ల ఖర్మ.

ఏనుగుదంతం సరిహద్దు దాటకూడదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్న ఏడాది మా పని మూతపడింది. ఏనుగును చంపినవాడు అడవిలో ఉంటే తాళం మా గదికి పడింది. నేను మాత్రం ఉలి కింద పెట్టలేదు. ఎముక మీద చెక్కడం మొదలుపెట్టాను. ఎముక పెళుసు, మాట వినదు. వినేదాకా వదల్లేదు.

చట్టంలో ఒక్క సందు ఉంచారు. నిషేధానికి ముందు చేసిన వస్తువని, చేసినవాడే సంతకం పెట్టి చెబితే, అధికారి చూసి విదేశానికి పంపనిస్తాడు. ఆ సందులోంచే మా బావమరిది దూరాడు. అతనికి బొమ్మల దుకాణం ఉంది. పద్నాలుగు హంసలు నేను ఎప్పుడో చేసినవని రాసి, నాకు తెలియకుండా దరఖాస్తు పెట్టాడు. తనిఖీ రోజు పొద్దున మా ఇంటికొచ్చి అప్పుడు చెప్పాడు.

"ఒక్క సంతకం బావా. నీవి కావన్నావో, నేను జైలుకి పోతాను. అక్క మొహం చూసైనా పెట్టు."

బావమరిది బతకగోరుతాడంటారు. ఇతను నన్ను బతికుండగానే అమ్మేస్తున్నాడు. చూసి చెబుతానన్నాను. చూడకుండా సంతకం పెట్టడం మా ఇంటా వంటా లేదు. నా భార్య కూడా వెంట బయల్దేరింది. ముప్పై ఏళ్లు నేను చెక్కిన ప్రతి బొమ్మకూ సుద్దపొడితో మెరుగు పెట్టింది ఆమే.

దుకాణంలో కుర్ర అధికారి కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. నేను ఒక హంసను తీసి తిరగేశాను. దంతం తీరు జనం అనుకునేదానికి తలకిందులు. వెలుగు తగిలిన వైపు తెల్లగా ఉంటుంది, చీకట్లో ఉన్న వైపు పచ్చబడుతుంది. ఏళ్లతరబడి అరలో నిలబడ్డ బొమ్మకు అడుగు పచ్చగా ఉండాలి. వీటికి ఒళ్లంతా టీ డికాషన్ రంగు, అడుగు మాత్రం పాల తెలుపు. ఎవడో కుంచెతో పైపైన పూసి, అడుగు సంగతి మరిచాడు.

నావి కావని చెప్పాను. మొన్న మొన్న చేసినవని కూడా చెప్పాను.

బావమరిది నవ్వేశాడు. "బావకి చూపు ఆనడం లేదు సార్. నిన్న టీ గ్లాసనుకుని జిగురు డబ్బా ఎత్తాడు. అక్కా, నువ్వు చెప్పు."

నేను నా భార్య వైపు తిరిగాను. ఆమె ఔనంటే ఆ దొంగ హంసలు నా పేరుతో సముద్రం దాటతాయి. కాదంటే ఆమెకు పుట్టింటి గుమ్మం మూసుకుపోతుంది.

ఆమె హంసను అందుకుని అడుగున బొటనవేలితో రాసి చూసింది.

"గరుకుగా ఉందిరా," అంది తమ్ముడితో. "అడుగు నున్నగా చేయకుండా నేను ఏ బొమ్మనీ గడప దాటనివ్వలేదు. ఆయన చూపు సంగతి సరే, నా వేలికేమైంది?"

సరుకు మూటగట్టి ముద్ర వేశారు. అతని మీద కేసు పెట్టారు. ఆ రోజు నుంచి ఆమెకు పుట్టింటి కబురే లేదు. ఆ సంగతి ఆమె నా దగ్గర ఎత్తనూ లేదు.

ముద్ర వేశాక అధికారి నా దగ్గరికొచ్చి, మీలాంటివాళ్ల వల్లే చట్టం నిలబడుతోందన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నన్ను మీ జట్టులో కలుపుకోకండి బాబూ. దొంగ సరుకు మీద నా పేరు ఉండకూడదన్నాను, అంతే. చంపేవాణ్ని వదిలేసి చెక్కేవాడి నోట మట్టి కొట్టారు. ఆ తగాదా తీరలేదు. ఎల్లుండి మీ ఆఫీసుకే వస్తాం, పనివాళ్లందరం."

పన్నెండుమందిమి వెళ్లాం. మాకు వేసింది ఒకటే కుర్చీ. అందులో నా భార్యను కూర్చోబెట్టి, నేను నిలబడే మాట్లాడాను.