యుద్ధం పాటలో నా ఇరవై రూపాయలు

శనివారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటల నలభై నిమిషాలకు, చిక్కబళ్ళాపురలో ఒక కాలేజీ హాలు మూడో వరుసలో కూర్చుని, నా మనవరాలి ఆశను నేనే నిలువునా ముంచాను. రెండేళ్ళయింది. చింతామణిలోని మా టమాటా మండీలో నన్ను చూసి, నవ్వాపుకోలేక దగ్గు నటించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మనవరాలు సింధు పాడేది పంక్ రాక్. అంటే ఏమిటని అడగకండి. నాకు తెలిసినంతలో గిటారును కొట్టడం, డ్రమ్మును తిట్టడం, లోకం మీది కోపమంతా గొంతుతో కక్కడం. యుద్ధాల మీద, కుర్చీకోసం ఊళ్ళు తగలబెట్టే నాయకుల మీద తనే ఒక పాట కట్టింది. ఆ రోజు పోటీ. ఆ పిల్ల తండ్రి, అంటే నా కొడుకు నాగరాజు, ముందే షరతు పెట్టాడు.

"గెలిస్తే బెంగళూరులో రికార్డింగు చేయిస్తా. ఓడితే సోమవారం నుంచి మండీలో కూర్చోవాల."

"సరే నాయనా," అని సింధు నా వైపు తిరిగింది. "అవ్వా, పాట మధ్యలో ఆగిపోతాది. ఊరంతా చచ్చినాక ఉండే నిశ్శబ్దం అది. అప్పుడు నువ్వు..."

"దగ్గను కూడా దగ్గనులే పోమ్మా! నేనేమన్నా చంటిబిడ్డనా?"

పాట మొదలైంది. డ్రమ్ములు తుపాకుల్లా పేలాయి. నా కట్టుడుపళ్ళు తాళం వేశాయి. ఎగతాళికి వచ్చిన కుర్రాళ్ళు కూడా నోళ్ళు మూసుకున్నారు. నాగరాజు కట్టుకున్న చేతులు విప్పి ముందుకు వంగాడు. మా పిల్ల గెలుస్తోంది! అంతలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. సింధు చెయ్యెత్తి, అచ్చం మా మండీలోలాగే హరాజు, అదే వేలంపాట, మొదలుపెట్టింది.

"కాలిన ఊరు! ఒక బడి, ఒక ఆసుపత్రి, నూరుమంది బిడ్డలు! ధర సున్నా! సున్నా ఒకటోసారి... సున్నా రెండోసారి..."

ఈగ వాలినా వినబడేంత నిశ్శబ్దం.

మీకొక మాట చెప్పాలి. మా మండీలో 'మూడోసారి' అనేలోపు ఎవరో ఒకరు ధర పెంచకపోతే, రైతు కష్టమంతా మట్టి ధరకు పోతుంది. అలా ఆఖరి క్షణంలో లేచే గొంతు ముప్పై నాలుగేళ్ళుగా నాదే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో పోతుందంటారు. మండీలో వచ్చిన బుద్ధి పుడకలంటుకున్నా పోదు, లేచి కూర్చుని ధర అడుగుతుంది.

లేచాను.

"ఆగప్పా! ఇరవై! మొదటి కోత, కాయ గట్టిగుండాది!"

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వు. డ్రమ్ముల అబ్బాయి పుల్లలు జారవిడిచాడు. న్యాయనిర్ణేతలు కాగితాలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మా, కూర్చో!" అని నాగరాజు నా కొంగు లాగాడు. ఆ ఊపులో, "ఇరవై రెండు!" అని కూడా అనేశాను.

సింధు మూడోసారి అనలేదు. మైకు కింద పెట్టి దిగి వచ్చింది.

"తిట్టమ్మా," అన్నాను.

"ఏం తిట్టేది అవ్వా? ఆ ఊరికోసం ఒక్కరూ నోరు తెరవలేదనేదే నా పాట. నువ్వు తెరిస్తివి. ఇంక పాట యాడుండాది?"

అందుచేత మా మండీ త్రాసు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ యుద్ధంలోనూ, ఏ ఊరికీ, నేను ధర పెంచను.

పోయినవి: మొదటి బహుమతి ఒకటి. బెంగళూరు రికార్డింగు ఒకటి. సింధు నాతో మాట్లాడని రోజులు తొమ్మిది. రాక్ గాయని ఒకతె, సోమవారం ఉదయం ఆరింటికి మండీలో కూర్చుంది.