నియాన్ సిలువ కింద కుర్చీ

నా అక్షరాలు కుదురుగా ఉండవు, తప్పులూ దొర్లుతాయి, మన్నించండి. మా పెదమామయ్య గారు పోయిన నెలలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన గురించి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన మా మామగారి అన్న. గవర్నర్‌పేట దుకాణాలకు నియాన్ బోర్డులు చేసేవారు. గుణదలలో మా ముందు గదిలో, మరియమాత పటం పైన వెలిగే ఎర్రటి సిలువ కూడా ఆయన చేసిందే.

నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు నా చేత పువ్వుల గుడ్డ కుట్టించి, ఆ సిలువ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మీద కప్పారు.

"దానికేమన్నా చలేస్తోందా అమ్మాయ్?" అన్నారు పెదమామయ్య గారు మా అత్తగారితో.

"అందంగా ఉంటుందని వేశాను బావగారూ!"

"అది వేడెక్కుద్ది, గాలాడాలి. కుట్టు మాత్రం బాగుంది, నా కుర్చీకి వేసుకుంటా."

చివరిదాకా ఆ గుడ్డ ఆ కుర్చీ మీదే ఉంది.

అందులో కూర్చుని నా చేత పాఠం అప్పజెప్పించుకునేవారు.

"సిలువ తుడవాలంటే?"

"ముందు ప్లగ్గు తీయాలండి."

"చేతులు?"

"పొడిగా ఉండాలండి."

"దండ?"

"పటానికేనండి. సిలువకి తగలకూడదండి."

నా గొంతు నాకే వినపడేది కాదు. ఆయన నవ్వేవారు. "గట్టిగా చెప్పమ్మా, కరెంటుకి చెవుడు!"

ఆయన జ్ఞాపకార్థ ప్రార్థన రోజు ఇల్లంతా జనం. సిలువ వెలుగుతోంది. ఫాదర్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. మా పెద్దాడపడుచు నీళ్ళోడుతున్న మల్లెదండ పట్టుకుని స్టూలెక్కింది. పెదనాన్న చేసిన సిలువకు తన చేత్తో దండ వేయాలని ఆమె ఆశ. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. చూసింది నేనొక్కదాన్నే.  ఆమె చెయ్యి సిలువ దాకా వెళ్ళింది.

"వదినా, ఆగండి! ముందు ప్లగ్గు!"

ఫాదర్ గారు ఉలిక్కిపడి ఆపేశారు. వదిన దండతో సహా కిందికి దిగింది. మామగారు పరుగున వెళ్ళి ప్లగ్గు పీకారు.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావే?" అన్నారు అత్తగారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు.

దండను ఆయన కుర్చీకి, నా పువ్వుల గుడ్డ మీద వేశాం. వదిన నా చేతులు తడిమి చూసి, పొడిగానే ఉన్నాయంది. ప్లగ్గు నా చేతే పెట్టించారు. సిలువ వెలగగానే కింద తెల్ల మల్లెలన్నీ కనకాంబరాలైపోయాయి.

ఇది చదివాక కాల్చేయండి. మా అత్తగారి కంటబడితే, వచ్చినవాళ్ళందరి ముందూ మళ్ళీ ఒకసారి అరిచి చూపించమంటారు.